రెండో వాటా

న్యూయార్కులో మా క్వీన్స్ పేట షెర్పాల్లో ఎవరి కోడలు నీళ్ళోసుకుందో డాక్టరుకంటే ముందు యాంగ్జీ అక్కకు తెలుస్తుంది. ఆమెకు తెలిశాక మిగతా అందరికీ తెలియడానికి ఎంతోసేపు పట్టదు. ఆమె బుట్ట ఒక వరస దాటితే చాలు.

బుట్ట అంటే ఘేవా బుట్ట. మాలో మనిషి పోతే ఏడు వారాల్లోపు ఘేవా చేస్తాం. లామాలు గ్రంథాలు చదువుతారు, వెన్న దీపాలు వెలిగిస్తారు, ఆఖర్న హాల్లో ఉన్న ప్రతి ప్రాణికీ ఒక వాటా పంచుతారు. లామాగారికీ ఒకటే, వాకిట్లో చెప్పులు సర్దేవాడికీ ఒకటే, చంకలో పాలు తాగే పిల్లకూ ఒకటే. అందరికీ సమానంగా అందితేనే ఆ పుణ్యం పోయిన మనిషికి చేరి దారి చూపిస్తుందని మా నమ్మకం. కడుపులో ఉన్న బిడ్డ కూడా ప్రాణే కనక కడుపుతో ఉన్న మనిషికి రెండు వాటాలు. నేపాల్లో మా సోలు కొండల్లో ఆ రెండోది చడీచప్పుడు లేకుండా ఒళ్ళో పడేది. పంచే ముసలమ్మకు అనుమానం వస్తే రెండు పెట్టేసి ముందుకు పోయేది. పొరపాటున ఎవరికైనా ఎక్కువ పడితే ఆ పూట వాళ్ళింట్లో ఇంకో గుప్పెడు పేలపిండి కలుపుకునేవాళ్ళు, అంతే.

యాంగ్జీ అక్క అమెరికా వచ్చాక ఈ పద్ధతిని బాగుచేసింది. ఆమె అడుగుతుంది. ప్రతి ఆడమనిషి ముందూ ఆగి, బుట్టను నడుముకు ఆనించుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఒకటా, రెండా?" అంటుంది. రెండని గొణిగితే చాలు, వెనకాల సంచులు అందించే నావైపు తిరిగి "ఇక్కడ రెండు" అని కేకేస్తుంది. లోయకు అవతల మేస్తున్న జడలబర్రెను ఇవతలనుంచి పిలిచే గొంతు అది. మా గొంప, అంటే మా బౌద్ధ గుడి, ఒకప్పుడు టైర్ల గోదాము. వానొస్తే ఎంత ధూపం వేసినా రబ్బరు వాసన పోదు. దాని రేకుల కప్పుకు ఆ కేక తగిలి మళ్ళీ మా నెత్తిమీదే పడుతుంది. మగవాళ్ళ వరసలో ఆ పిల్ల మొగుడు చెవులు ఎర్రబడి ఉప్పు టీలోకి చూసుకుంటూ కూర్చుంటాడు. అత్తగారికి ఇంకా చెప్పలేదేమో, ఆ అత్తగారు పక్క వరసలోనే ఉందేమో, అదంతా యాంగ్జీకి పట్టదు.

ఇక వాటా సంగతి. సోలులో వాటా అంటే గుప్పెడు పిండి, ఒక అప్పచ్చి. ఇక్కడ సంచి. సంచిమీద పోయినవాళ్ళ ఫొటో అచ్చు వేయిస్తారు. లోపల నారింజలు, జ్యూసు డబ్బా, చిప్స్, నూడుల్స్. హోటలు యజమాని ఒకాయన వాళ్ళమ్మ ఘేవాకు సంచిలో స్టీలు ఫ్లాస్కు పెట్టించాడు. అప్పటినుంచి మాలో మధ్యతరగతివాళ్ళకు చావాలన్నా గుండె దడగా ఉంటోంది. నేను బంగాళదుంపలు తెచ్చుకునే సంచిమీద మా దూరపు మామయ్య నవ్వుతూ ఉంటాడు. బతికుండగా ఆయన నాకు ఒక్క దుంప పెట్టిన పాపాన పోలేదు. లామాగారు ఆశ విడిచిపెట్టండి, అన్నీ అశాశ్వతమే అని చెబుతుంటే మేం భక్తిగా తలలూపుతూ, సంచి అడుగున గట్టిగా ఏమైనా తగులుతుందేమోనని వేళ్ళతో తడుముతుంటాం.

యాంగ్జీకి ఈ పెత్తనం ఎవరూ అప్పజెప్పలేదు. ఆమె చాలా ఏళ్ళుగా మన్‌హట్టన్‌లో పెద్ద పెద్ద లాయర్ల ఇళ్ళలో పిల్లల్ని పెంచుతోంది. ఆ పిల్లలు ఇంగ్లీషుకంటే ముందు మా భాషలో తిట్లు నేర్చుకున్నారని చెప్పుకుని మురిసిపోతుంది. నడక చూసి నెల చెప్పగలదు. లిఫ్టులో పక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియని తెల్లమ్మాయికి కూడా చెప్పేసి చీవాట్లు తిన్న మనిషి. ఇదివరకు వాటాలు పంచే పెద్దావిడకు మోకాళ్ళు పట్టేస్తే, ఈ ఒక్కసారికి నేను పట్టుకుంటానని బుట్ట తీసుకుంది. ఆ ఒక్కసారి ఇంకా అవలేదు.

ఆమె మొగుడు గ్యాల్జెన్ మాత్రం వేరే మట్టి. పసుప్పచ్చ టాక్సీ నడిపేవాడు. షెర్పా అన్న పేరు చూడగానే ఎక్కినవాళ్ళంతా ఎవరెస్టు ఎన్నిసార్లు ఎక్కావని అడిగేవాళ్ళు. ఆయనకు ఎత్తంటే భయం. మూడో అంతస్తు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చునేవాడు కాదు. జీవితంలో ఆయన ఎక్కిన పెద్ద ఎత్తు క్వీన్స్‌బరో వంతెన. అయినా ఎక్కినవాళ్ళను నిరాశపెట్టడం ఇష్టంలేక, పైన గాలి చాలా చల్లగా ఉంటుందండీ అని ఊరుకునేవాడు. అది అబద్ధం కాదు కదా అని నన్ను అడిగాడొకసారి. నిజంగానే బెంగపడి అడిగాడు.

అడక్కుండా పెట్టరాదా అని పెళ్ళానికి ఎప్పుడూ చెప్పేవాడు. అడక్కపోతే తప్పుడు లెక్క పడుతుంది, పుణ్యంలో మోసం కుదరదు అని ఆమె కొట్టిపారేసేది. ఆయన జపమాల తిప్పుకునేవాడు. ఆ ఇంట్లో ఆయన మాటకంటే మాలే ఎక్కువ తిరిగింది.

ఇప్పుడు దికీ సంగతి చెప్పాలి. దికీ, నేనూ గోళ్ళు దిద్ది రంగులేసే ఒకే దుకాణంలో పనిచేస్తాం. పెళ్ళై చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. ప్రతి ఘేవాలో యాంగ్జీ దాని ముందు ఆగి "ఈసారి కూడా ఒకటేనా?" అని జాలిగా అనేది. ఆ జాలికంటే చెంపదెబ్బ నయం. ఒక వేసవిలో దికీ తల వంచుకుని రెండు అంది. యాంగ్జీ వేసిన కేకకు దీపాలు రెపరెపలాడాయి. అందరూ దాని బుగ్గలు నిమిరారు. నెలన్నర తిరక్కుండానే ఆ కడుపు పోయింది. దుకాణంలోనే పోయింది. నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

చలికాలంలో ఇంకెవరిదో ఘేవా వచ్చింది. దికీ రానంటే నేనే బతిమాలి తీసుకెళ్ళాను. యాంగ్జీ ఆగింది, అడిగింది. ఒకటి, అంది దికీ.

"అప్పుడు రెండు తీసుకున్నావు కదే," అంది యాంగ్జీ. ఆమెకు విషయం తెలుసు. క్వీన్స్‌లో ఆమెకు తెలియందేముంది. "నిలవని దానికి వాటా పట్టుకుపోయావు. పోయినాయన పుణ్యానికి తూట్లు పడవూ? మూడో నెల దాటేదాకా ఆగి చెప్పాల్సింది."

దికీ సంచి కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరి ఘేవాకూ రాలేదు. నాకు ఆ రోజు బుట్ట తీసి యాంగ్జీ నెత్తిన బోర్లించాలన్నంత కోపం వచ్చింది. అరుగుమీద లామాగారు కరుణ గురించే చదువుతున్నారు. హాలంతా విన్నది, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. కరుణ గురించి వినడంలో అంత మునిగిపోయాం మరి.

మర్నాడు సాయంత్రం మా దుకాణం ముందు గ్యాల్జెన్ టాక్సీ ఆగింది. ఆయన దిగి, చేతిలో సంచితో వచ్చి, గోళ్ళ రంగుల వాసనకు తుమ్ముతూ నిలబడ్డాడు. "నిన్న నీ వాటా మర్చిపోయావమ్మా," అని దికీ చేతిలో పెట్టాడు. పెళ్ళాం తరఫున క్షమాపణ చెప్పలేదు, ఆమెను ఒక్క మాట అననూ లేదు. వాన పడుతోందని మా ఇద్దర్నీ ఇళ్ళదగ్గర దించి వెళ్ళాడు. దికీ దారంతా ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొన్న మార్చిలో గ్యాల్జెన్ పోయాడు. గుండె. బండిని రోడ్డు పక్కకు తీసి, ఆపి, వెనక లైట్లు మిణుకుమిణుకుమనేలా పెట్టి మరీ పోయాడు. చావుకు కూడా ఎవరి దారికీ అడ్డం రాని మనిషి. నేను ఏడ్చాను. క్వీన్స్‌లో ఏడవనివాళ్ళు లేరు.

యాంగ్జీ మాత్రం ఏడవలేదు. ఆమెకు ఒకటే పట్టుకుంది. ఘేవాలో చిన్న లోపం రాకూడదు. ఆయనకు దారి దొరకాలి. ఆయన అసలే ఎవర్నీ దారి అడిగే రకం కాదు, ఎక్కడో నిలబడిపోతాడే అంది నాతో. ఆ మాటకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. లామాగారి దగ్గరికి వెళ్ళి, ఆయనకు చేరుతుందా అని అడిగింది. అందరికీ అందితే చేరుతుందమ్మా అన్నారాయన. పాపం ఆయన అందరికీ చెప్పే మాటే చెప్పారు. ఈమె దాన్ని గట్టిగా పట్టుకుంది.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళు కూర్చుని దుఃఖపడాలి, పంచకూడదు. అయినా నా మొగుడి వాటాలు ఇంకొకరి చేతిమీదుగానా అని బుట్ట ఎవరికీ ఇవ్వలేదు. ఘేవా రోజు గొంప బాయిలరు బాగుచేయడానికి వచ్చినవాడికి సంచి ఇచ్చింది. వీధిలో కార్లకు జరిమానా చీటీలు అంటిస్తున్న ఆఫీసరమ్మకు ఇచ్చింది. ఎదురింటి కుక్కకు ఒకటి కట్టింది. ఆ కుక్క గ్యాల్జెన్ ఫొటోను నాకుతూ కూర్చుంది. ఆయన చూస్తే సంతోషించేవాడే.

దానికి నాలుగు రోజులముందే ఆమె మా దుకాణానికి కూడా వచ్చింది. జన్మలో గోళ్ళకు రంగు వేయించుకోని మనిషి సరాసరి వెళ్ళి దికీ ముందు కూర్చుని, రెండు చేతులూ వేన్నీళ్ళ గిన్నెలో ముంచింది. క్షమించమనడం ఆమెకు రాదు. ఎవరూ నేర్పలేదు, ఆమె ఎవర్నీ అడగలేదు.

"వస్తావుగా," అంది, నీళ్ళలోకి చూస్తూ. "ఒక్క మనిషి తగ్గినా మీ బాబాయికి దారి ఆగిపోతుందే."

దికీ ఆమె గోళ్ళు అరగదీస్తూ, "బాబాయి కోసం వస్తాను పిన్నీ," అంది. రంగు వద్దంటున్నా ఎర్రది వేసి పంపింది.

ఆ ఎర్ర గోళ్ళతోనే యాంగ్జీ ఘేవాలో బుట్ట ఎత్తుకుంది. హాలు నిండిపోయింది. ఫైరు అలారం భయంతో సగం వెన్న దీపాలు, సగం బ్యాటరీ దీపాలు పెట్టారు. బ్యాటరీ దీపాల పుణ్యం ఎంతో కమిటీవాళ్ళు ఇంకా తేల్చలేదు. ముందు వరసలో యాంగ్జీ కూతురు చ్యోకి. బోస్టన్‌లో పళ్ళ ఆస్పత్రిలో పనిచేస్తుంది. ఈ పిల్లకు కొలరాడోలో సంబంధం కుదిరిందని, వాళ్ళ గరాజే మన గొంపంత ఉంటుందని యాంగ్జీ ఏడాదిగా మా చెవులు తినేస్తోంది. ఆ పిల్లాడి తల్లి విమానమెక్కి వచ్చి, హాలుకు అవతలివైపు పెద్దవాళ్ళ వరసలో పగడాల దండతో కూర్చుంది. దికీ వచ్చి సరిగ్గా చ్యోకి వెనక కూర్చుంది.

యాంగ్జీ మొదలుపెట్టింది. ఇంటి వరసే ముందు. కూతురి దగ్గరికి వచ్చింది. ఒక సంచి ఒళ్ళో పడేసి పోతే అయిపోయేది. పెళ్ళికాని సొంత కూతుర్ని ఎవరైనా అడుగుతారా? కానీ ఇన్నేళ్ళ అలవాటు. కాళ్ళు ఆగాయి, బుట్ట నడుముకు ఆనింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒకటా, రెండా?"

చుట్టుపక్కల ఆడవాళ్ళు మూతులు బిగబట్టి నవ్వుకున్నారు. చ్యోకి నవ్వలేదు. తల ఎత్తి తల్లిని చూసి, "రెండమ్మా," అంది.

నెమ్మదిగా అంది. వెనకున్న నేను విన్నాను, దికీ విన్నది. యాంగ్జీ మొహంలో రక్తం లేదు. కొలరాడో ఆవిడవైపు ఒక్క చూపు చూసింది. తర్వాత ఒక సంచి తీసి కూతురి ఒళ్ళో పెట్టి, పెదవులు కదపకుండా, "ఇప్పుడు కాదు. నోరు మూసుకో," అంది.

"నాకోసం అడగట్లేదమ్మా. నాన్న కోసం."

యాంగ్జీ ముందుకు కదిలింది. ఆ తర్వాత ఒక్క ఆడమనిషినీ అడగలేదు. ఒక్కో సంచి పెట్టుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా హాలంతా తిరిగింది. నిజంగా కడుపుతో ఉన్న ఒకమ్మాయి తనే చెయ్యి పట్టుకుని ఆపి రెండు అడిగి తీసుకోవాల్సి వచ్చింది. కేక లేకపోయేసరికి ఆ పిల్ల కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా.

పంపకం అయింది. బుట్టలో ఒక్క సంచి మిగిలింది. సంచిమీద గ్యాల్జెన్. టాక్సీకి ఆనుకుని, ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతున్న ఫొటో. యాంగ్జీ ఎటు తిప్పి పట్టుకున్నా ఆయన ఆమెనే చూస్తున్నాడు.

మాలో ఒక పద్ధతుంది. పుణ్యాన్ని పోయిన మనిషికి ధారపోసే ముందు లామాగారు అందరికీ అందిందా అని అడగాలి. పంచినవాళ్ళు అందింది అనాలి. అప్పుడే గంట కొడతారు. ఇన్నాళ్ళూ ఆ జవాబు చెప్పేటప్పుడు యాంగ్జీ ఛాతీ విరుచుకునేది.

లామాగారు అడిగారు. యాంగ్జీ ఆ సంచినే చూస్తూ నిలబడింది.

నాకు ఆ క్షణంలో ఆమెమీద జాలి కలిగింది. ఇష్టంలేకపోయినా కలిగింది. నిజం చెబితే కూతురి పరువూ, తన పరువూ, కొలరాడో గరాజూ అన్నీ ఈ టైర్ల గోదాములోనే పోతాయి. అబద్ధం చెబితే దారి అడగడం రాని ఆ మనిషి ఎక్కడో చలిలో నిలబడిపోతాడు. మేం దీన్ని నమ్ముతాం. ఆమె మాకంటే ఎక్కువ నమ్ముతుంది.

లామాగారు మళ్ళీ అడిగారు.

"అందింది," అంది యాంగ్జీ. పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు. లామాగారు గంట ఎత్తారు.

"అందలేదు లామాగారూ," అని దికీ లేచి నిలబడింది. ఎప్పుడూ కస్టమర్ల వేళ్ళకు మాత్రమే వినపడేలా మాట్లాడే పిల్ల, చ్యోకి తలమీదుగా చెయ్యి చాపి, కప్పు అదిరేలా కేకేసింది. "ఇక్కడ రెండు."

అచ్చం యాంగ్జీ గొంతే. ఆ సాగదీత, ఆ విరుపు, ఏదీ తగ్గలేదు. ఆ కేక రేకులకు తగిలి అందరి నెత్తినా పడింది. కసితో అన్నదా, కనికరంతో అన్నదా అని ఆ తర్వాత మా క్వీన్స్‌లో చాలా వాదనలు జరిగాయి. నేను దుకాణంలో సూటిగానే అడిగాను. దికీ ఎవరిదో చిటికెన వేలు తుడుస్తూ, "నా వాటా బాబాయి నా చేతికి తెచ్చిచ్చాడు కదక్కా," అంది.

యాంగ్జీ బుట్ట నా చేతిలో పెట్టి, ఆ ఒక్క సంచి రెండు చేతులతో పట్టుకుని వెనక్కి నడిచింది. మగవాళ్ళు దారిచ్చారు. కూతురి ముందు కూలబడి సంచి ఒళ్ళో పెట్టింది. అక్కడే, ఆ సంచిమీదే తల పెట్టి, మొగుడు పోయాక మొదటిసారి ఏడ్చింది. చ్యోకి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. కొలరాడో ఆవిడ పగడాలు సవరించుకుని లేచి వెళ్ళిపోయింది. తన సంచి మాత్రం మర్చిపోలేదు.

లామాగారు గంట దించలేదు. అందరికీ అందిందా అని మూడోసారి అడిగారు. యాంగ్జీ నేలమీద నుంచే తల ఎత్తి, ఏడుపు గొంతుతోనే, జడలబర్రె అవతలి లోయలోనుంచి తిరిగొచ్చేలా అరిచింది.

"అందింది."

గంట మోగింది. గ్యాల్జెన్ దారి దొరికించుకునే ఉంటాడు.

ఆ తర్వాత చ్యోకి తన మనిషిని తీసుకొచ్చింది. పోర్చుగీసు జాలర్ల కుటుంబం కుర్రాడు. మా ఉప్పు టీ తాగి మొహం తిప్పుకోకుండా ఇంకో కప్పు పోయించుకున్నాడు. యాంగ్జీకి అది చాలింది. ఇప్పుడు మన్‌హట్టన్ పిల్లల పని మానేసి బోస్టన్‌కు బస్సెక్కే రోజు కోసం చూస్తోంది. ఆ బిడ్డకు మొదటి తిట్టు తనే నేర్పాలట.

బుట్ట మాత్రం వదల్లేదు. వదిలితే యాంగ్జీ ఎలా అవుతుంది? కాకపోతే ఇప్పుడు అడగదు. ఆడమనిషి కనపడితే చాలు, రెండు సంచులు ఒళ్ళో పడేసి ముందుకు పోతుంది. ఎనభై దాటిన ముసలమ్మలకు కూడా రెండే. వాళ్ళు సిగ్గుపడుతూ తీసుకుంటున్నారు. బడిపిల్లలకు రెండు, లామాగారి అక్కగారికి రెండు, నాకు రెండు. ఘేవా ఖర్చు పెరిగిపోతోందని కమిటీ అధ్యక్షుడు మీటింగు పెట్టాడు. యాంగ్జీ ఆ మీటింగుకు వెళ్ళి కూర్చుంది. ఎవరూ ఏమీ అనకుండానే అది ముగిసింది.

నిన్నటి ఘేవాలో దికీ నా పక్కన కూర్చుంది. యాంగ్జీ వచ్చి ఆగింది. ఎర్ర రంగు సగం పోయిన గోళ్ళతో దాని ఒళ్ళో రెండు సంచులు పెట్టింది. నడక చూసి నెల చెప్పే ఆ కళ్ళు ఒక్క క్షణం దాని మొహంమీద నిలిచాయి. యాంగ్జీ ఏమీ అడగలేదు. దికీ రెండు సంచులూ దగ్గరికి లాక్కుని చేతులు అడ్డం పెట్టుకుంది. నేను దానితోపాటు రోజంతా పనిచేసే మనిషిని. నాకు తెలుసు. కానీ నన్ను కూడా ఎవరూ అడగొద్దు.